కారుకు కొత్త కీ ఎవరు చేర్చగలరు?

రెండు కీలలో ఒకటి పోయిందని షోరూమ్‌కు వెళ్తే వాళ్లు చెప్పే రేటు విని చాలామందికి ఒకటే అనుమానం వస్తుంది: ఇంత చిన్న ఇనుప ముక్కకు అంత డబ్బా? నిజానికి ఆ బిల్లులో ఇనుము వాటా చాలా తక్కువ. బజారులో కీ కోసే మిషన్ మీద అచ్చం అలాంటి కీనే కాసేపట్లో తయారవుతుంది. అది డోర్ తెరుస్తుంది, ఇగ్నిషన్‌లో పెడితే తిరుగుతుంది. చాలా కార్లలో స్టార్టర్ కూడా తిరుగుతుంది. ఇంజిన్ మాత్రం అందుకోదు, లేదా అందుకున్నట్టే అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద కీ బొమ్మ ఉన్న చిన్న లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. కీ ఆకారం సరిగ్గానే ఉంది, కారు మాత్రం దాన్ని తనదిగా గుర్తించలేదని అర్థం. ఆ గుర్తింపును కారు మెమరీలోకి ఎక్కించే పనే కీ ప్రోగ్రామింగ్. బిల్లులో పెద్ద భాగం దానికే పోతుంది.

దొంగతనాల నుంచి కారును కాపాడే వ్యవస్థ గురించి మాట్లాడేటప్పుడు చిప్ ఎంత గట్టిది, కోడ్ ఎంత పొడవు అన్న చర్చే ఎక్కువగా వినిపిస్తుంది. అవి రెండో వరస ప్రశ్నలు. మొదటి ప్రశ్న వేరు: ఈ కారుకు కొత్త కీ ఎవరు చేర్చగలరు, చేర్చే ముందు కారు వాళ్లను ఏం రుజువు అడుగుతుంది? ఉన్న కీలన్నీ పోగొట్టుకున్న యజమానికి ఏదో ఒక దారి ఉండి తీరాలి. లేకపోతే లక్షలు పోసి కొన్న బండి పార్కింగ్‌లోనే ఉండిపోతుంది. ఆ దారి యజమానికి ఉంటే, కాస్త తెలివి, కాస్త పరికరం ఉన్న దొంగకూ ఉంటుంది. గత నలభై ఏళ్లలో కారు భద్రత చుట్టూ జరిగిన గొడవల్లో చాలావరకు ఈ దారి దగ్గరే తేలతాయి.

కీ తలలో ఏముంది

మామూలు కీ ఉన్న కార్లలో కీ ప్లాస్టిక్ తలలో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ చుట్టూ ప్లాస్టిక్ కవర్ కింద తీగ చుట్ట ఒకటి ఉంటుంది. కీ తిప్పగానే ఆ చుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దాన్నుంచే చిప్ తనకు కావలసిన కరెంటు లాక్కుని మేలుకుంటుంది. పాత రకం చిప్ తన నంబరు మాత్రం చెప్పి ఊరుకుంటుంది. తర్వాత వచ్చినవి అలా చెప్పవు. కారు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. చిప్ తనలో దాచుకున్న రహస్య సంఖ్యతో దాన్ని కలిపి లెక్క చేసి జవాబు పంపుతుంది. కారు కూడా అదే లెక్క చేసుకుని రెండు జవాబులూ సరిపోయాయో లేదో చూస్తుంది. సరిపోతేనే ఇమ్మొబిలైజర్ (సరైన కీ లేకుండా ఇంజిన్‌ను నడవనివ్వని వ్యవస్థ) నుంచి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూకు అనుమతి వెళ్తుంది, పెట్రోలు ఇంజెక్షన్, స్పార్క్ కొనసాగుతాయి. ప్రతిసారీ సంఖ్య మారుతుంది కాబట్టి ఒకసారి విన్న జవాబు ఇంకోసారి పనికిరాదు.

రిమోట్ బటన్ సంగతి వేరు. డోర్లు లాక్ చేసే రిమోట్‌కు బ్యాటరీ కావాలి. అది మన దగ్గర సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ పద్ధతి దానిది. రిమోట్ ప్రోగ్రామింగ్, ఇమ్మొబిలైజర్ ప్రోగ్రామింగ్ చాలా మోడళ్లలో రెండు వేర్వేరు పనులు. ఒకటి అయినంత మాత్రాన రెండోది అయినట్టు కాదు. డోర్లు తెరుచుకున్నాయి కదా అని డబ్బు ఇచ్చేసి, స్టార్ట్ చేయబోయి కంగుతినేవాళ్లు అందుకే కనిపిస్తారు. రిమోట్ బ్యాటరీ పూర్తిగా అయిపోయినా బండి స్టార్ట్ అవడానికి కారణం కూడా ఇదే. పుష్ బటన్ కార్లలో రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కమనేది, లోపలి చిప్‌కు దగ్గర్నుంచి కరెంటు అందించడానికే.

క్లోనింగ్ అనే ఇంకో పని ఉంది. చిప్ కీ చేయించుకోవడానికి వెళ్లినవాళ్లకు కీ మేకర్ తాను చేస్తున్నది క్లోనింగో ప్రోగ్రామింగో ఎప్పుడోగానీ చెప్పడు. ప్రోగ్రామింగ్ అంటే కొత్త చిప్‌ను కారు మెమరీలో కొత్త సభ్యుడిగా నమోదు చేయడం, రేషన్ కార్డులో ఇంకో పేరు ఎక్కించినట్టు. క్లోనింగ్‌లో కారును ముట్టుకోనే ముట్టుకోరు. ఉన్న కీలోని సమాచారాన్ని ఖాళీ చిప్‌లోకి అచ్చు గుద్దుతారు. కారు దృష్టిలో ఆ రెండూ ఒకే కీ. పని తొందరగా అవుతుంది, ఖర్చూ తక్కువ. కానీ కారు మెమరీలో ఉన్న కీల లెక్కలో అది కనిపించదు. దీని ఫలితం సెకండ్ హ్యాండ్ కార్ల దగ్గర తెలుస్తుంది.

రుజువుగా ఏం అడగాలి

కీలో ఎలక్ట్రానిక్స్ పెట్టాలన్న ఆలోచన 1986లో జనరల్ మోటార్స్ తన కార్వెట్‌లో అమలు చేసింది. కీ మీద చిన్న రెసిస్టర్ ఉండేది. మొత్తం 15 విలువలు, వాటిలో ఒకటి ఆ కారుది. తప్పు విలువ తగిలితే కారు కొన్ని నిమిషాలపాటు స్టార్ట్ కాకుండా మొరాయించేది. పదిహేను అంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఒక్కో ప్రయత్నానికీ నిమిషాలు పట్టడం దొంగకు పెద్ద శిక్షే. కోడ్ చిన్నదైనా సమయం దానికి బలం ఇచ్చింది.

కాలం గడిపించడమే రుజువుగా తీసుకునే ఈ ఆలోచనను అదే కంపెనీ తర్వాత ఇంకా ముందుకు తీసుకెళ్లింది. కొన్ని మోడళ్లలో పనిచేసే కీ ఒక్కటీ లేకపోయినా, ఇగ్నిషన్ ఆన్ చేసి సెక్యూరిటీ లైటు ఆరేదాకా పది నిమిషాలు ఆగాలి. అలా మూడుసార్లు, మొత్తం అరగంట చేస్తే కారు కొత్త కీని నేర్చుకుంటుంది. పరికరం అక్కర్లేదు, పిన్ అనే రహస్య సంఖ్యా అక్కర్లేదు. పార్కింగ్‌లో ఇంకొకరి కారులో అరగంట కూర్చునే ధైర్యం దొంగకు ఉండదన్నది లెక్క. కారును టో చేసి షెడ్డుకు లాక్కెళ్లిన వాడికి అరగంట ఎంత? టయోటా కూడా చాలా మోడళ్లలో, అన్ని కీలూ పోయినప్పుడు చేసే రీసెట్‌కు సుమారు 16 నిమిషాల నిరీక్షణ పెట్టింది. అయితే అక్కడ పరికరం కూడా కావాలి.

ఫోర్డ్ ఇంకో దారి పట్టింది. 1996 ముస్టాంగ్ లాంటి కార్లతో అమెరికాలో మొదలైన దాని ప్యాట్స్ వ్యవస్థలో చాలా మోడళ్లకు, పనిచేసే కీలు రెండు ఉంటే మూడోదాన్ని యజమానే ఇంట్లో చేర్చుకోవచ్చు. మొదటి కీ, రెండో కీ వరుసగా పెట్టి తిప్పి, కొన్ని సెకన్లలో కొత్తది పెట్టాలి. ఇలా ఎనిమిది కీల దాకా ఎక్కించవచ్చు. ఒక్క కీ మాత్రమే ఉంటే కుదరదు. డీలర్ దగ్గరకో, పరికరం ఉన్న తాళాల పనివాడి దగ్గరకో వెళ్లాల్సిందే. చూడటానికి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కానీ మనం ఇంకొకరి చేతికి కీ ఎప్పుడు ఇస్తాం? డ్రైవర్‌కు, వాలే పార్కింగ్ కుర్రాడికి, సర్వీస్ సెంటర్‌కు. ఎప్పుడిచ్చినా ఒక్క కీనే. రెండు కీలూ ఒకే చేతిలో ఉండేది ఇంటి యజమాని దగ్గర మాత్రమే. మనుషుల అలవాటునే రుజువుగా మలుచుకున్న ఈ నియమం, ఈ రంగంలో వచ్చిన ఆలోచనల్లో అన్నిటికన్నా తెలివైనదని చెప్పవచ్చు. రెండో కీని డ్రాలో పడేసి మరిచిపోయేవాళ్లకు అదే శాపం కూడా.

1990లలో ఫియట్ కార్లకు ఎర్ర రంగు మాస్టర్ కీ ఒకటి ఇచ్చేవారు. మిగతా కీలను నమోదు చేయడానికి తప్ప దాన్ని వాడొద్దని చెప్పేవారు. దొంగల బెడద నుంచి గట్టి రక్షణే. కానీ ఆ ఎర్ర కీ పోతే ఈసీయూనే మార్చాల్సి వచ్చేది. పాత ఫియట్ కొనేవాళ్లు ఇప్పటికీ మొదట అడిగేది ఆ కీ ఉందా అనే. దారి పూర్తిగా మూసేస్తే నష్టపోయేది ఎవరో ఇక్కడ తేలింది. ఆ తర్వాత ఎక్కువ కంపెనీలు పిన్ వైపు మొగ్గాయి. ప్రతి కారుకూ ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది కంపెనీ దగ్గర ఉంటుంది, డీలర్ అడిగి తెచ్చుకుని, కారు కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్‌లో కొడతాడు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇంకా ముందుకు వెళ్లి ఆ సంఖ్యను డీలర్ కంటికి కూడా కనపడనివ్వకుండా చేసింది. స్కానర్ నేరుగా జర్మనీలోని కేంద్ర డేటాబేస్‌తో మాట్లాడుకుంటుంది, కొత్త కీ ఆ ఒక్క కారు కోసమే ముందే సిద్ధమై వస్తుంది.

పోర్టు అందరిదీ

నియమాలు ఎలా ఉన్నా, అవన్నీ నడిచేది స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టు (స్కానర్ తగిలించే సాకెట్) గుండానే. అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. మన దేశంలో ఓబీడీ నిబంధనలు 2010లో మొదలై, 2013లో రెండో దశకు చేరాయి. కాలుష్యం తనిఖీ కోసం పుట్టిన పోర్టు ఇది. ఎవరైనా స్కానర్ పెట్టి చదవగలగాలన్నదే దాని ఉద్దేశం. కీలు చేర్చే పని కూడా అందులోంచే జరగడం తర్వాత వచ్చిన సౌకర్యం.

2012లో బ్రిటన్‌లో బీఎండబ్ల్యూ కార్లు వరసగా మాయమయ్యాయి. అద్దం పగిలిన చప్పుడు తప్ప పెద్ద గలాటా లేదు. దొంగలు లోపలికి చేరి, పోర్టుకు పరికరం తగిలించి, ఖాళీ కీని నిమిషాల్లో ఆ కారుకు నమోదు చేసుకుని నడుపుకుంటూ వెళ్లిపోయేవారు. అంటే వాళ్లు తాళం పగలగొట్టలేదు. కారుకు తామే యజమానులమని చెప్పి కీ చేయించుకున్నారు. అప్పుడు కంపెనీల వైపు నుంచి వచ్చిన వాదన ఒకటి గమనించదగ్గది. స్వతంత్ర గ్యారేజీలకు కూడా మరమ్మతు సమాచారం, పరికరాలు అందాలని యూరప్ చట్టం చెబుతోంది, కాబట్టి పోర్టును మూసేయలేం అన్నారు. వాదనలో నిజం ఉంది. పోటీ ఉండాలంటే బయటి మెకానిక్‌కూ దారి ఉండాలి. కానీ దారి ఉండటం, కాపలా లేకుండా ఉండటం ఒకటి కాదు.

మన దగ్గర ఈ చర్చ పోటీ వైపు నుంచే మొదలైంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ తమ డీలర్లకు మాత్రమే ఇచ్చి బయటి గ్యారేజీలను దూరం పెడుతున్నారన్నది ఆరోపణ. వినియోగదారుడి కోణంలో అది అవసరమైన తీర్పే. ఒక కీ చేయించడానికి ఒకే తలుపు ఉంటే రేటు ఆ తలుపు చెప్పిందే అవుతుంది.

అమెరికాలో దీనికి మధ్యేమార్గం వెతికారు. తాళాల పనివాళ్లు నాస్టఫ్ అనే సంస్థ దగ్గర నేపథ్య తనిఖీ చేయించుకుని పేరు నమోదు చేసుకుంటారు. ఒక కారు పిన్ కావాలంటే యజమాని గుర్తింపు, రిజిస్ట్రేషన్ చూసి ఫారం రాయించుకోవాలి. ఏ పనివాడు, ఏ రోజు, ఏ కారు కోడ్ తీసుకున్నాడో రికార్డు ఉంటుంది. తర్వాత ఆ కారు పోతే పోలీసులకు మొదటి ఆధారం అదే. రుజువు అడిగే బాధ్యతను కారు నుంచి మనిషికి మార్చి, ఆ మనిషి పేరు రాసిపెట్టుకున్నారు. మన ఊళ్లలో కీ మేకర్ ఆర్సీ అడగాలా వద్దా అన్నది చాలావరకు అతని మనస్సాక్షికే వదిలేసిన వ్యవహారం. చాలామంది అడుగుతారు, ఆధార్ ఫొటో కూడా తీసుకుంటారు. అడగని ఒక్కడు చాలు. ఢిల్లీ పోలీసులు పట్టుకున్న కార్ల దొంగల ముఠాల దగ్గర ఇలాంటి కీ ప్రోగ్రామింగ్ ప్యాడ్లు దొరకడం ఇప్పుడు కొత్త వార్త కాదు. పరికరం ఒకటే, పట్టుకున్న చేయి వేరు.

పరికరం పేరు మీదే వ్యాపారం నడిచిన ఉదంతం 2022 అక్టోబరులో యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ బయటపెట్టింది. ఫ్రాన్స్, స్పెయిన్, లాత్వియాల్లో 31 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు, తిరిగి అమ్మినవాళ్లు, దాన్ని వాడి కార్లు ఎత్తుకెళ్లినవాళ్లు ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను అమ్మింది మాత్రం డయాగ్నస్టిక్ సాధనం అని చెప్పి.

రహస్యం రాసిన తీరు

చిప్‌ల లెక్కలు బలహీనంగా ఉన్న మాటా నిజమే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన, 40 బిట్ల (అంటే నలభై సున్నాలు, ఒకట్ల) రహస్య సంఖ్య ఉన్న డీఎస్టీ చిప్‌ను 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్ఎస్ఏ ల్యాబ్స్ పరిశోధకులు ఛేదించారు. 2012లో హైట్యాగ్2 చిప్‌కు అదే గతి పట్టింది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఉన్న మెగామోస్ చిప్ మీద చేసిన పరిశోధనను 2013లో లండన్ హైకోర్టు ప్రచురించనివ్వలేదు. రెండేళ్ల తర్వాత ఒక వాక్యం తీసేసి 2015లో ప్రచురించారు. కోర్టు ఆపింది పరిశోధకులనే తప్ప చిప్‌లోని లోపాన్ని కాదు.

వీటికన్నా ఆలోచింపజేసేది 2020లో లూవెన్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు బయటపెట్టిన సంగతి. డీఎస్టీ80 అనే చిప్‌లో రహస్య సంఖ్య 80 బిట్లు. అన్ని రకాలూ ప్రయత్నించి పట్టుకోవడం మామూలు కంప్యూటర్లకు సాధ్యం కాని పని. కానీ టయోటా తన కీలలో ఆ సంఖ్యను చిప్ సీరియల్ నంబరు ఆధారంగా తయారుచేసింది. సీరియల్ నంబరును చిప్ ఎవరడిగినా చెబుతుంది. యూరప్‌లో అమ్మిన హ్యుందాయ్ ఐ10, ఐ20 లాంటివాటిలో, కొన్ని కియా మోడళ్లలో 80 బిట్లలో నిజంగా మారేవి 24 బిట్లే. మిగతావన్నీ ఊహించగలిగినవే. చిప్ తప్పు ఏమీ లేదు. ఫ్యాక్టరీలో కీని ప్రోగ్రామ్ చేసినప్పుడు రహస్యాన్ని ఎలా పుట్టించాలన్న దగ్గర కక్కుర్తి పడ్డారు. ప్రోగ్రామింగ్ బలహీనత పోర్టు దగ్గరే కాదు, కారు పుట్టిన రోజునే మొదలవ్వచ్చు.

ఇమ్మొబిలైజరే లేకపోతే

ఇన్ని లోపాలు చదివాక ఇమ్మొబిలైజర్ దండగ అనిపించవచ్చు. అది తొందరపాటు. యూరోపియన్ యూనియన్ 1998 నుంచి కొత్త కార్లకు దాన్ని తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో అదే చేశాయి. నెదర్లాండ్స్ లెక్కల మీద జరిగిన అధ్యయనం 1995 నుంచి 2008 దాకా ఈ నియమం వల్ల కార్ల దొంగతనాలు సగటున 40 శాతం తగ్గాయని తేల్చింది. అమెరికా మాత్రం తప్పనిసరి చేయలేదు, కంపెనీల ఇష్టానికి వదిలేసింది. 2015 మోడళ్లలో మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ స్టాండర్డ్‌గా వస్తే, హ్యుందాయ్, కియాల్లో 26 శాతానికే వచ్చింది. అదే కంపెనీలు పక్కనే కెనడాలో అమ్మిన కార్లకు పెట్టాయి, చట్టం అడిగింది కాబట్టి.

ఆ పొదుపు ఖరీదు ఏమిటో 2021 నాటికి అమెరికాలోని మిల్వాకీ నగరంలో కనిపించింది. 2022లో టిక్‌టాక్ వీడియోలతో ఈ కార్ల దొంగతనాలు దేశమంతా పాకాయి. చిప్ లేని కీ కాబట్టి ఇగ్నిషన్‌ను బలవంతంగా తిప్పితే చాలు, రహస్యం అడిగే వ్యవస్థ లోపల లేదు. సరదాగా కార్లు ఎత్తుకెళ్లిన కుర్రాళ్ల వల్ల ప్రమాదాలు జరిగాయి. 2023 ఫిబ్రవరి నాటికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 14 ప్రమాదాలు, 8 మరణాలు నమోదైనట్టు చెప్పింది. అప్పుడు కంపెనీలు సుమారు 83 లక్షల కార్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించాయి. రిమోట్‌తో లాక్ చేసిన కారు మళ్లీ రిమోట్‌తో తెరిస్తేనే స్టార్ట్ అయ్యేలా, అలారం 30 సెకన్లకు బదులు నిమిషం మోగేలా మార్చారు. అదే ఏడాది మే నెలలో దాదాపు 20 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు.

ఈ అప్‌డేట్‌ను ఉన్నంతలో చేసిన సర్దుబాటు అనాలి. లేని చిప్‌ను సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. అందుకే అది రిమోట్ లాకింగ్‌ను ఆసరా చేసుకుంది. చేతితో, కీతో లాక్ చేసుకునేవాళ్లకు ఆ రక్షణ అందదు. అప్‌డేట్ ఎక్కని కొన్ని మోడళ్ల యజమానులకు చివరికి స్టీరింగ్‌కు తగిలించే ఇనుప లాకులే పంచారు. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు తక్కువ ధరకు సెకండ్ హ్యాండ్ హ్యుందాయ్ ఎలాంట్రా, సొనాటా, కియా ఫోర్టే కొనేటప్పుడు అది 2011 నుంచి 2022 మధ్య మోడలైతే, కీ తిప్పి స్టార్ట్ చేసే రకమైతే, ఇమ్మొబిలైజర్ ఉందా, అప్‌డేట్ అయిందా అని తప్పక అడగాలి. కొన్ని బీమా కంపెనీలు ఒకదశలో అలాంటి కార్లకు కొత్త పాలసీలు ఇవ్వడమే మానేశాయి. శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర కియా తయారుచేసే సెల్టోస్, సోనెట్‌లకు ఈ బెడద లేదు. వాటిలో ఇమ్మొబిలైజర్ ఉంటుంది.

ప్రోగ్రామింగ్‌తో పనే లేని దొంగతనాలూ ఉన్నాయి. ఇంట్లో ఉన్న స్మార్ట్ కీ సిగ్నల్‌ను కారుదాకా అందించే రిలే పద్ధతిని 2011లోనే జ్యూరిక్ పరిశోధకులు పది మోడళ్ల మీద చేసి చూపించారు. హెడ్‌లైట్ వైరింగ్ ద్వారా కారు లోపలి నెట్‌వర్క్‌లోకి దొంగ సందేశాలు పంపే పద్ధతి, 2022లో లండన్‌లో ఒక భద్రతా పరిశోధకుడి సొంత టయోటా రావ్4 పోయాక బయటపడింది. మొదటిదానికి అల్ట్రా వైడ్ బ్యాండ్ కీలు మందు, ఎందుకంటే అవి సిగ్నల్ ప్రయాణించిన దూరాన్ని కూడా కొలుస్తాయి. రెండోదానికి కారు లోపలి సందేశాలకే, అవి అసలైనవని రుజువు చేసే డిజిటల్ సంతకం ఉండాలి. రెండూ కొత్త కార్లకే.

మన పార్కింగుల్లో

మన దేశంలో మారుతీ ఐక్యాట్స్ పేరుతో పెట్టిన ఇమ్మొబిలైజర్‌తో మధ్యతరగతి కార్లలోకి కూడా చిప్ కీ వచ్చింది. అంతకు ముందు కార్లకు, ఇప్పటికీ రిమోట్ లాకింగ్ లేని బేస్ మోడళ్లకు, బయట బిగించే ఆటోకాప్, నిప్పన్ లాంటి సిస్టమ్‌లే ఆసరా. వీటి ప్రోగ్రామింగ్ ఇంకా తేలిక. ఇగ్నిషన్ ఆన్, ఆఫ్ చేసి ఒక చిన్న వాలే స్విచ్ నొక్కితే కొత్త రిమోట్‌ను నేర్చుకునేవి చాలా ఉన్నాయి. అంటే ఆ స్విచ్ ఎక్కడుందో తెలియడమే రుజువు. బిగించేవాళ్లలో ఎక్కువమంది దాన్ని స్టీరింగ్ కింద, చేయి పెట్టగానే తగిలేచోటే వదిలేస్తారు. పదివేలు పోసి అలారం పెట్టించుకుని, స్విచ్ ఎక్కడ పెట్టాలో పక్కన నిలబడి చెప్పకపోతే సగం డబ్బు వృథా. ఇక ఇగ్నిషన్ వైరు కోసి అతికించే ఫిట్టింగ్‌తో కంపెనీ వారంటీ గొడవలు మామూలే. వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరానికి, బీమాలో సొంత కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో పాత టారిఫ్ ప్రకారం ఇచ్చే రాయితీ 2.5 శాతం, అదీ గరిష్ఠంగా 500 రూపాయలు. ఆ రాయితీ కోసం మాత్రం పరికరం పెట్టించుకోనక్కర్లేదు.

బీమాకు సంబంధించి అసలు టెన్షన్ క్లెయిమ్ దగ్గర వస్తుంది. కారు పోయిందని క్లెయిమ్ చేస్తే కంపెనీ మొదట అడిగేవాటిలో ఒకటి, రెండు ఒరిజినల్ కీలూ ఇవ్వమని. ఒకటి లేదంటే, అది బండిలోనే వదిలేశారా, ఎవరికైనా ఇచ్చారా అన్న ప్రశ్నలు మొదలై ఫైలు ఆగుతుంది. అందుకే కీ పోయిన రోజే పోలీసు స్టేషన్లో లాస్ట్ రిపోర్టు తీసుకుని, కొత్త కీ చేయించిన బిల్లుతో కలిపి దాచిపెట్టుకోవడం మంచిది. కీ రీప్లేస్‌మెంట్ యాడ్ ఆన్ ఉంటే ఖర్చు కూడా వెనక్కి వస్తుంది. కొత్తది చేయించినప్పుడు పోయిన కీని మెమరీలోంచి తీసేయించడం అంతకన్నా ముఖ్యం. చాలామంది కొత్త కీ పనిచేస్తే చాలని వచ్చేస్తారు. పోయిన కీ ఆ కారును స్టార్ట్ చేస్తూనే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు టైర్లు, బోనెట్ చూసేవాళ్లు కీల సంగతి పట్టించుకోరు. స్కానర్ పెడితే చాలా మోడళ్లలో మెమరీలో ఎన్ని కీలు ఉన్నాయో కనిపిస్తుంది. చేతికి రెండు ఇచ్చి స్క్రీన్ మీద మూడు చూపిస్తే, మూడోది ఎక్కడుందని డబ్బు ఇవ్వకముందే అడగాలి. అన్నిటినీ చెరిపించి చేతిలో ఉన్న రెండింటినే మళ్లీ ఎక్కించమంటే ఆ మూడోది పనికిరాకుండా పోతుంది. క్లోన్ చేసిన కీ ఉంటే మాత్రం చాలా మోడళ్లలో దీనితో పని జరగదు. స్క్రీన్ మీద అది విడిగా కనపడదు, దాని ఒరిజినల్‌ను మళ్లీ ఎక్కించగానే దానికీ ప్రాణం వస్తుంది. పాత యజమాని దగ్గర, అతని డ్రైవర్ దగ్గర, మధ్యలో చేతులు మారిన డీలర్ దగ్గర అలాంటిది ఉందేమోనన్న అనుమానం ఉంటే, కొత్త చిప్‌లు ఉన్న రెండు కీలు కొని, పాతవన్నీ చెరిపించి ఈ రెండింటినే నమోదు చేయించాలి. ఆ ఖర్చును కారు ధరలో తగ్గించమని బేరమాడటంలో తప్పేమీ లేదు.